అత్తగారు తెచ్చిన సోయా డబ్బా

పోయిన వారం మనం డింప్నాను కారు వెనక సీట్లో వదిలిపెట్టాం. ఒళ్ళో వారం కూడా నిండని కొడుకు కోర్మక్, పక్కన జపమాల తిప్పుతున్న అత్తగారు కన్సెప్టా, ముందు స్టీరింగు పట్టుకుని ఎర్ర దీపాలను కూడా ఖాతరు చేయకుండా ఆస్పత్రికి తోలుతున్న మొగుడు ఫింటన్. ఆ రోజు ఈస్టర్ సోమవారం. బాలీకోరన్ ఊరంతా మిగిలిపోయిన గొర్రెమాంసం తిని కునుకు తీస్తున్న వేళ. పుట్టినప్పుడు పిల్లవాడు బాగానే ఉన్నాడు. తరవాత తాగిన పాలు తాగినట్టే కక్కడం మొదలుపెట్టాడు, ఒళ్ళు పచ్చబడింది, ఆ పొద్దున్నుంచి ఏడవడం కూడా మానేశాడు. ఏడవని పసివాణ్ణి చూస్తే ఏ తల్లికైనా గుండె జారిపోతుంది. కానీ డింప్నా భయం వేరు. ఆ పచ్చదనం పేరేమిటో తనకు తప్ప ఆ కారులో ఇంకెవరికీ తెలియదని ఆమె అనుకుంటోంది.

కథను మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకు ఆమె గుట్టు తెలుసు. కొత్తగా అందుకున్నవాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాను. డింప్నా బండ్లవాళ్ళ పిల్ల. గుర్రపు బండ్ల మీద ఐర్లండు రోడ్లన్నీ తిరిగి, తగరపు గిన్నెలకు మాట్లు వేసి బతికిన వంశం. ఇప్పుడు గుర్రాలు పోయి కారవాన్లు వచ్చాయి కానీ, ఊళ్ళోని ఇళ్ళవాళ్ళు వాళ్ళను చూసే చూపు మాత్రం మారలేదు. బండ్లవాళ్ళ పెళ్ళి అంటే హోటలు హాలు దొరకదు. బండ్లవాళ్ళ అమ్మాయి అంటే కొట్లో ఉద్యోగం దొరకదు. అందుకని డింప్నా పద్దెనిమిదో ఏట అమ్మను, అక్కలను వదిలి ఆథ్లోన్ వచ్చి జుట్టు కత్తిరించే దుకాణంలో చేరింది. ఇంటిపేరు మార్చుకుంది, మాట యాస మార్చుకుంది. అమ్మానాన్నలు బర్మింగ్‌హామ్‌లో బస్సు ప్రమాదంలో పోయారని ఫింటన్‌కు చెప్పి పెళ్ళి చేసుకుంది. ఆ ప్రమాదంలో ఏ బస్సు ఏ లారీని గుద్దిందో కూడా అడిగినప్పుడల్లా తడుముకోకుండా చెప్పేది, పాపం.

బండ్లవాళ్ళ ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. తమ పిల్లల్లో కొందరికి పాలు పడవు. ఆవు పాలనే కాదు, తల్లి పాలూ పడవు. పాలలోని చక్కెరే వాళ్ళకు విషమై కాలేయాన్ని తినేస్తుంది. డాక్టర్లు దానికి గాలక్టోసీమియా అని పేరు పెట్టక ముందు బండ్లలోని ముసలమ్మలు దాన్ని పచ్చచావు అనేవాళ్ళు. ఇప్పుడు ఆ భయం లేదు. కాన్పు గదిలో మంత్రసాని ప్రతి తల్లినీ అడుగుతుంది, మీరు బండ్లవాళ్ళా అని. అవునంటే బిడ్డకు వెంటనే రక్త పరీక్ష చేసి, ఫలితం వచ్చేదాకా సోయా పాలు పడతారు. డింప్నా అక్కల పిల్లలందరూ అలా సోయా తాగి, పరీక్ష బాగా వచ్చాక మామూలు పాలకు మారినవాళ్ళే.

మంత్రసాని అడిగినప్పుడు ఫింటన్ డింప్నా చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నాడు. కాదు, అంది డింప్నా. ఆ మాట అబద్ధమే కానీ అందులో ప్రమాదం లేదని ఆమె లెక్క వేసుకుంది. ఈ జబ్బు రావాలంటే తల్లిలో సగం, తండ్రిలో సగం ఉండాలి. ఫింటన్ ఇళ్ళవాడు, తరతరాల ఇళ్ళవాడు. కాబట్టి తన బిడ్డకు ఏమీ కాదు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. బండ్లవాళ్ళ ఆడవాళ్ళు చంటిపిల్లలకు సీసా పట్టడమే ఎక్కువ, అందుకని తను అచ్చమైన ఇళ్ళదాన్నని తనకు తనే రుజువు చేసుకోవడానికి డింప్నా రొమ్మిచ్చింది. ముర్రుపాలు తాగిన కొడుకు మొహం చూసి ఇక తనను ఎవరూ పట్టుకోలేరని మురిసిపోయింది.

*

పిల్లల వార్డులో డాక్టర్ టియర్నీ అనే ఆవిడ ఉంది. పండగ పూట డ్యూటీ పడినా ఎవరి మీదా విసుక్కోని మనిషి. కోర్మక్ బట్టలు విప్పి, పొట్ట మీద వేళ్ళు ఆనించి కాలేయం ఎంత మేర వాచిందో చూసింది. మడమ మీద సూది మచ్చ చూసి, ఆ రక్తం ఎప్పుడు తీశారని అడిగింది. శుక్రవారం నర్సు ఇంటికి వచ్చి తీసిందని, చుక్కలు అద్దిన కార్డు డబ్లిన్ పంపిందని ఫింటన్ చెప్పాడు. శుక్రవారం నుంచి దేశమంతా సెలవులు. ఆ కార్డు ఇంకా దారిలోనే ఉండి ఉంటుందని డాక్టరు పెదవి విరిచింది. పాలు ఏం పడుతున్నారని అడిగితే తల్లిపాలేనని డింప్నా చెప్పింది. డాక్టరు రాసుకుంది. రాసుకుంటూనే, టీలో పంచదార ఎంత వేయమంటారన్నంత మామూలుగా అడిగింది.

"మీ ఇద్దరిలో ఎవరి వైపైనా బండ్లవాళ్ళు ఉన్నారా?"

కాన్పు గదిలో విన్న ప్రశ్నే మళ్ళీ వినేసరికి ఫింటన్ తెల్లబోయాడు. ట్రాక్టర్ల విడిభాగాలు అమ్మే మనిషి, రోజూ పదిమందితో నవ్వుతూ మాట్లాడే మనిషి, ఆ ప్రశ్నకు మాత్రం మొహం గంటు పెట్టుకున్నాడు.

"మమ్మల్ని చూస్తే అలా కనిపిస్తున్నామా డాక్టర్ గారూ? పోనీ మా అమ్మనడగండి. మా పేట పక్కన తగరపోళ్ళకి స్థలం ఇవ్వద్దని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది ఆవిడే."

డాక్టరు నవ్వలేదు. తను అందరినీ అడుగుతానని, ఎందుకు అడుగుతుందో కూడా చెబుతానని అంది. కాలేయం వాచి ఒళ్ళు పచ్చబడింది కాబట్టి రెండు దారులున్నాయి. ఒకటి రక్తంలో చీము పట్టడం, ఇలాంటివాళ్ళలో నూటికి తొంభై మందికి అదే. రెండోది పాలు పడని ఆ జబ్బు. బండ్లవాళ్ళ రక్తం ఉందంటే పాలు ఈ నిమిషమే ఆపేసి, ఇక్కడే పరీక్ష పెట్టిస్తే సాయంత్రానికి తేలిపోతుంది. లేదంటే చీముకు మందు మొదలుపెట్టి, డబ్లిన్ కార్డు కోసం చూడటమే.

"లేదండీ, లేదు," అన్నాడు ఫింటన్. "మందు మొదలుపెట్టండి."

ఇలాంటప్పుడు కన్సెప్టా ఊరుకునే మనిషి కాదు. బండ్లవాళ్ళ మాట ఎత్తితే చాలు, వాళ్ళ కుక్కల దగ్గర్నుంచి వాళ్ళ పెళ్ళిళ్ళలో అమ్మాయిలు వేసుకునే గౌన్ల దాకా అన్నిటినీ కడిగి ఆరేసేది. అలాంటిది ఆమె గోడకు ఆనుకుని నేల చూస్తూ నిలబడింది. చేతిలో జపమాల ఒకే పూస దగ్గర ఆగిపోయి ఉంది. డింప్నా అది చూసింది కానీ, దాని గురించి ఆలోచించే స్థితిలో లేదు.

నర్సు కోర్మక్‌ను దుప్పట్లో చుట్టి తెచ్చి డింప్నా చేతికిచ్చింది. మందు ఎక్కించే లోపు ఒక్క నాలుగు గుక్కలు తాగించమంది, ఒంట్లో సత్తువ లేదు కదా అంది. కుర్చీ లాగి, నడుం వెనక దిండు పెట్టింది. పిల్లవాడి బరువు తగలగానే డింప్నాకు పాలు చేపాయి, జాకెట్టు తడిసింది. ఆ వాసనకు ఇంతసేపూ కళ్ళు తెరవనివాడు పెదవులు కదిపాడు. వెతుక్కుంటున్నాడు. తనను చంపుతున్నదాన్నే వెతుక్కుంటున్నాడేమోనని డింప్నాకు తోచింది. లెక్క ప్రకారం కాకూడదు. ఫింటన్ ఇళ్ళవాడు. నూటికి తొంభై చీమేనని డాక్టరే చెప్పింది. కానీ మిగిలిన పది మందిలో తన కొడుకు లేడని ఏ లెక్కా చెప్పడం లేదు. చిన్నప్పుడు పక్క కారవాన్‌లో పోయిన పసివాడి మొహం ఆమెకు గుర్తుంది. సరిగ్గా ఇదే రంగు.

ఆమె బిడ్డను రొమ్ముకు దూరంగా జరిపింది.

"పాలివ్వను," అంది. "వీడికి పాలు ఆపేయండి డాక్టర్ గారూ. నేను బండ్లవాళ్ళ పిల్లని. మా అమ్మ బతికే ఉంది. ట్యూమ్ రోడ్డు మీద కారవాన్లు నిలిపే స్థలంలో ఉంటుంది."

గొంతులోంచి వచ్చింది ఆథ్లోన్ దుకాణంలో నేర్చుకున్న యాస కాదు, పుట్టుకతో వచ్చినది. ఆమె చెవులకే అది ఎవరో వేరే మనిషి గొంతులా వినిపించింది.

ఫింటన్ మొదట నవ్వాడు. బిడ్డ బెంగతో మతి చలించిందనుకున్నాడు కాబోలు, నిద్ర లేదు కదా డింప్నా, అంటూ భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె కళ్ళు చూశాక ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. డాక్టరు మాత్రం ఇంకొక్క ప్రశ్న అడగలేదు. నర్సుకు కళ్ళతోనే సైగ చేసి బిడ్డను తీసుకుపోయింది.

*

వరండాలో ఫింటన్ అరవలేదు. అరిచినా బాగుండేదని డింప్నాకు అనిపించింది. బర్మింగ్‌హామ్ బస్సు సంగతేమిటని అడిగాడు, అబద్ధమంది. పెళ్ళిలో ఆమె తరఫున వచ్చిన పిన్ని ఎవరని అడిగాడు, దుకాణంలో తనతో పనిచేసిన ఆవిడంది. ప్రతి సంవత్సరం నవంబరులో పోయినవాళ్ళ కోసం వెలిగించిన కొవ్వొత్తులు, చదివించిన పూజలు, వాటన్నిటికీ తను పక్కన మోకాళ్ళ మీద కూర్చోవడం ఒక్కొక్కటే గుర్తు చేసుకుని అడుగుతూ పోయాడు. బతికున్న మనిషి ఆత్మకు శాంతి కలగాలని నా చేత ప్రార్థన చేయించావు కదా, అన్నాడు. మంత్రసానితో కాదని ఎందుకన్నావని అడిగాడు, జబ్బు రెండు వైపులా ఉంటేనే వస్తుంది, అది తెలిసే కాదన్నానంది. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంతలో ఫింటన్‌కు ఒక ఆశ తగిలింది. జబ్బు రెండు వైపులా ఉంటేనే వస్తుందని డింప్నానే చెప్పింది కదా, మరి మా వైపు లేదు కదా అన్నాడు. అయితే ఇది ఆ జబ్బు కాదు. ఒట్టి చీమే. మందుతో పోతుంది. ఆ మాట తల్లితో కూడా అనిపించాలని అటు తిరిగాడు.

కన్సెప్టా కొడుకు మొహం చూడలేదు. నేరుగా కోడలి దగ్గరికి వచ్చింది. ఇంత పెద్ద మోసం బయటపడ్డాక ఏ అత్తగారైనా ఏమంటుందో అదే వినడానికి డింప్నా సిద్ధపడింది. కన్సెప్టా మాత్రం చాలా నెమ్మదిగా, దాదాపు గుసగుసగా అడిగింది.

"నేను తెచ్చిన డబ్బా... ఒక్కసారైనా పట్టావా వాడికి?"

కాన్పు అయిన రోజునే కన్సెప్టా ఒక సోయా పాలపొడి డబ్బా పట్టుకుని ఆస్పత్రికి వచ్చింది. తన పిల్లలు ముగ్గురూ దాంతోనే పెరిగారని, మొదట్లో అది తేలిగ్గా అరుగుతుందని, నాలుగు వారాలు అదే పట్టమని ఒకటే పోరు పెట్టింది. డింప్నాకు ఆ డబ్బా చూడగానే అనుమానం వచ్చింది. సోయా అంటే బండ్లవాళ్ళ పిల్లల పాలు, ఆ సంగతి ఎవరికి తెలియదు? అత్తగారు తనను పసిగట్టేసిందని, పరీక్ష పెడుతోందని, డబ్బా తీసుకుంటే ఒప్పుకున్నట్టేనని అనుకుంది. తీసుకుని నవ్వి, ఇంటికి వెళ్ళాక వంటింటి అలమరలో పిండి పొట్లాల వెనక్కి తోసేసింది. అత్తగారు వచ్చినప్పుడల్లా ఆమె ఎదురుగా మరీ రొమ్మిచ్చింది.

లేదు, మూత కూడా తీయలేదు, అంది డింప్నా.

కన్సెప్టా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఫింటన్ అది చూసి, డబ్బా సంగతి ఇప్పుడెందుకమ్మా అని విసుక్కున్నాడు. డింప్నా విసుక్కోలేదు. మోసపోయిన అత్తగారు తిట్టాలి. ఈవిడ తిట్టడం లేదు, భయపడుతోంది. ఎందుకు?

ఆ ఎందుకుకు జవాబు సాయంత్రం డాక్టర్ టియర్నీ తెచ్చింది. ముగ్గురినీ కూర్చోబెట్టింది. జబ్బు అదేనని చెప్పింది. పాలు ఆపడం మంచిపని అయిందని, అయినా రక్తంలోకి చీము కూడా చేరిందని, రక్తం గడ్డకట్టే గుణం తగ్గిందని, ఇక్కడ ఉంచడం మంచిది కాదని, డబ్లిన్ పిల్లల ఆస్పత్రికి అంబులెన్సు పెట్టానని చెప్పింది. బతుకుతాడా అని ఫింటన్ అడిగితే, ఈ రాత్రి గడిచాక ఆ మాట చెప్పగలను, అంది.

మా వైపు లేదు కదా డాక్టర్ గారూ, అన్నాడు ఫింటన్ మళ్ళీ. పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా అదే మాట.

"ఉండి ఉండాలి. లేకపోతే మీ అబ్బాయికి రాదు. ఇళ్ళవాళ్ళలోనూ అక్కడక్కడా ఉంటుంది. మోసేవాళ్ళకి ఏ బాధా ఉండదు, చచ్చేదాకా తెలియను కూడా తెలియదు."

ఫింటన్ లేచి నిలబడ్డాడు. ఎటు వెళ్ళాలో తెలియనట్టు ఇటూ అటూ చూసి, మెట్లు దిగి కార్లు నిలిపే చోటికి వెళ్ళిపోయాడు.

*

వార్డు చివర చిన్న ప్రార్థన గది ఉంది. అక్కడ ఎవరూ లేరు. డింప్నా అత్తగారి మోచెయ్యి పట్టుకుని అందులోకి తీసుకుపోయింది, దాదాపు లాక్కుపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ ఎదురుగా గొంతెత్తని కోడలు తలుపు మూసి ఎదురుగా నిలబడింది.

"ఆ డబ్బా ఎందుకు తెచ్చారు అత్తయ్యా?"

అరుగుతుందని, అంది కన్సెప్టా. ముగ్గురు పిల్లలకీ... అంటూ మొదలుపెట్టి ఆగిపోయింది. చేతిసంచి తెరిచింది, మూసింది. ఎప్పుడూ ఇస్త్రీ చెదరని కోటు, వారం వారం దుకాణంలో చుట్టించుకునే జుట్టు, ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరస. అన్నీ అలాగే ఉన్నాయి, మధ్యలోని మనిషి మాత్రం కుంగిపోయింది. నోరు తెరిచినప్పుడు వచ్చిన మాట డింప్నా ఇంతకు ముందు ఆమె దగ్గర ఎన్నడూ విననిది.

"నేనూ బండి కిందే పుట్టానే. లాంగ్‌ఫర్డ్ రోడ్డు పక్కన, వానలో. మా నాన్న గిన్నెలకు మాట్లేసేవాడు."

అది డింప్నా అమ్మ మాట, అమ్మమ్మ మాట. ఆ యాసకు ఇస్త్రీ కోటు ఎలా తొడిగిందో ఈ మహాతల్లి. డింప్నాకు ఒక్కసారిగా అత్తగారి వంటిల్లు కళ్ళకు కట్టింది. గిన్నెలకు ఒక తొట్టి, చేతులకు ఇంకో తొట్టి. గిన్నెల తొట్టిలో ఎవరైనా చెయ్యి కడిగితే ఇల్లు పీకి పందిరి వేసేది. ఇళ్ళవాళ్ళెవరూ అంత పట్టించుకోరు, బండ్లవాళ్ళకే ఆ పట్టింపు. డింప్నా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున తనకెందుకో పుట్టింటికి వచ్చినట్టు అనిపించింది, ఎందుకో అర్థం కాలేదు. ఇన్నేళ్ళూ ఆ తొట్లలోనే గిన్నెలు కడిగింది, ఒక్కనాడు కూడా తట్టలేదు.

కన్సెప్టా చెప్పుకుపోయింది. ఫింటన్ తండ్రి మలాకీకి కూడా చెప్పలేదట. ఆయన పోయేదాకా భయపడుతూనే బతికింది. పిల్లలు పుట్టినప్పుడు ఆస్పత్రిలో నోరు విప్పలేదు, ఇంటికి వచ్చాక వేరే ఊరి మందుల దుకాణం నుంచి సోయా డబ్బాలు తెప్పించుకుని దొంగతనంగా పట్టింది. మలాకీ ఇళ్ళవాడు కాబట్టి అక్కర్లేదని తెలుసు. అయినా మనసు ఊరుకోలేదు. కోడలు పుట్టినూరు చెప్పి, బర్మింగ్‌హామ్ కథ చెప్పి, ఇళ్ళపిల్లనని నమ్మించింది. కాబట్టి మనవడికి భయం లేదు. అయినా ఒక డబ్బా కొని తీసుకుపోయింది. అంతకు మించి మాట్లాడితే ఎందుకని అడుగుతారని నోరు నొక్కుకుంది.

ఇద్దరి లెక్కా ఒకటే. నా వైపు ఉంది, అవతలి వైపు లేదు, కాబట్టి బిడ్డకు ఏమీ కాదు. ఇద్దరూ సగం సగం నిజం దాచుకుని, రెండో సగం లేదని ధైర్యంగా ఉన్నారు. ఆ రెండు సగాలూ కలిసి కోర్మక్ ఒంట్లో కూర్చున్నాయి. తనది ఎంత తప్పో డింప్నాకు తెలుసు. అయినా కోపం ఆగలేదు.

"ఒక్క మాట చెప్పి ఉంటే నేనా డబ్బా పట్టేదాన్ని కదా."

"నువ్వు చెప్పి ఉంటే నేనే సీసా కలిపి పట్టేదాన్ని కదే."

తరవాత డింప్నా సంతకాల సంగతి అడిగింది. మన స్థలం వద్దని మన మీదే సంతకాలు పెట్టించడానికి చేతులెలా వచ్చాయంది. 'మన' అనే మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. సంతకాలు అడిగే మనిషిని ఎవరూ అనుమానించరు కదా, అంది కన్సెప్టా. ఆ మాటలో సిగ్గూ ఉంది, ఇన్నేళ్ళ తెలివీ ఉంది. డింప్నాకు ఆమెను కొట్టాలనిపించింది, ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడవాలని కూడా అనిపించింది.

అప్పుడు కన్సెప్టా కోడలి రెండు చేతులూ పట్టుకుంది. ఫింటన్‌కు చెప్పొద్దని బతిమాలింది. నీది ఎలాగూ బయటపడింది, నాది నాకు వదిలేయమంది. ఇళ్ళవాళ్ళలోనూ ఉంటుందని డాక్టరమ్మే చెప్పింది కదా, వాడు అదే నమ్ముతాడు. వాడికి నేను తప్ప ఎవరూ లేరే, వాడి మొహం చూసి నేను ఎలా బతకాలి అంది. డింప్నా అవుననలేదు, కాదనలేదు. ఆ గుట్టు విప్పడం తన పని కాదని మాత్రం ఆమెకు తెలుసు. మోసిన బరువేమిటో మోసినదానికి తెలుసు.

*

వరండా బయట అంబులెన్సు తలుపులు తెరిచి ఉన్నాయి. కోర్మక్‌ను గాజు పెట్టెలో పడుకోబెట్టి గొట్టాలు సర్దుతున్నారు. డింప్నా గాజుకు అరచెయ్యి ఆనించి నిలబడింది. పాలు ఆపిన దగ్గర్నుంచి వాడు కక్కలేదు, అంతకు మించి ఏ మార్పూ లేదు. పాలతో బిగుసుకుపోయిన రొమ్ములు సలుపుతున్నాయి. ఆ పాలు ఇంక ఎప్పటికీ వాడికి పనికిరావు. అందరూ తిరుగుతున్న ఆ వరండాలో ఆమెకు మొదటిసారి ఏడుపు వచ్చింది.

డబ్లిన్ డాక్టర్లకు కుటుంబం వివరాలు రాసి పంపాలని డాక్టర్ టియర్నీ అందరినీ దగ్గరికి పిలిచింది. ఫింటన్ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ మొహం గట్టిపడింది. బయట నిలబడి ఏదో ఒక నిర్ణయానికి వచ్చినట్టున్నాడు. డింప్నా తల్లి పేరు, అక్కల పిల్లల సంగతి డాక్టరు అడిగితే డింప్నా చెప్పింది. అదంతా అతను పరాయివాళ్ళ కథ విన్నట్టు విన్నాడు.

డాక్టరు అతని వైపు తిరిగి, తండ్రి తరఫున చంటితనంలో పోయిన పిల్లలెవరైనా ఉన్నారా అని అడిగింది.

"లేరు. ఇంటికి నేనే పెద్దవాణ్ణి, తరవాత ఇద్దరు తమ్ముళ్ళు. ముగ్గురం గుండ్రాళ్ళలా ఉన్నాం. మా వైపు ఏమీ లేదు, ఇదంతా ఆవిడ వైపు నుంచి వచ్చిందని రాయండి." అప్పుడు డింప్నా వైపు చూడకుండానే అన్నాడు. "పిల్లవాడు బతికి బయటపడితే మా అమ్మ దగ్గర పెరుగుతాడు. ఈవిడ తన బండ్ల దగ్గరికి తను పోవచ్చు."

డింప్నా ఒక్క మాట కూడా అనలేదు. అనడానికి ఆమె దగ్గర ఒక మాట ఉంది, అది అంటే ఫింటన్ నోరు ఆ క్షణమే మూతపడుతుంది. ఆమె అత్తగారి వైపు కూడా చూడలేదు. గాజు పెట్టెలో కొడుకు పొట్ట పైకి లేవడం, దిగడం, అదే చూస్తూ ఉండిపోయింది.

కన్సెప్టా జపమాలను చేతిసంచిలో వేసి, సంచి మూసింది. నాలుగు అడుగులు వేసి వచ్చి కోడలి పక్కన నిలబడింది. ఆమె ఫింటన్‌తో మాట్లాడింది కానీ, ఆ గొంతు అతను పుట్టిన దగ్గర్నుంచీ ఎరిగిన గొంతు కాదు. అది లాంగ్‌ఫర్డ్ రోడ్డు గొంతు.

"నా మొదటి బిడ్డవి నువ్వు కాదురా ఫింటన్. నీకన్నా ముందు ఒక ఆడపిల్ల పుట్టి, బండిలోనే పచ్చబడి పోయింది. దాని తండ్రి మీ నాన్న కాదు."